పెద్దాయనతో, పెద్దాయన తరఫున

సాయంత్రం అయిదుంబావుకి మా బావ సర్కారు కచేరీలో పని ముగించుకుని వచ్చి నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, "రేపటి నుంచి కాలేజీకి వెళ్లనండీ" అని చెప్పేశాను. సర్కారు చదువులు మానెయ్యమని ఊరూరా సభలు జరుగుతున్న రోజులవి. ఆ సభల్లో మాట్లాడేది మేము పెద్దాయన అని పిలుచుకునే ప్లీడరుగారు. ప్రాక్టీసు వదిలేసి ఖద్దరు కట్టారు. ఆ రోజుల్లో బందరు కుర్రాళ్లం, సొంతంగా ఆలోచిస్తే ఆయనకు అపచారం చేసినట్టే అనుకునేవాళ్లం. ఆయన ఎడం చెయ్యి నడుముకు ఆనించి నడిచేవారు కనక పదిమందిమీ అలాగే నడిచేవాళ్లం. (ఆయనకు నడుంనొప్పని తర్వాత తెలిసింది. మా అక్క మాత్రం నాకే నడుం పట్టేసిందనుకుని రోజూ వేడి ఆముదం రాసేది. అసలు కారణం చెప్పలేక రాయించుకునేవాణ్ణి.)

"ఎందుకురా?" అన్నాడు బావ.

"పెద్దాయన మానెయ్యమన్నారండీ."

"సరే, నువ్వేమంటావు?"

"ఆయన అన్నాక నేననేదేముంటుంది?"

నన్ను ఇంట్లో పెట్టుకుని చదివిస్తున్నది బావే. కోప్పడతాడనుకున్నాను. "ఆదివారం గుడివాడలో ఆయన సభ ఉంది. ఇద్దరం వెళ్దాం. నీ మొహం చూసి మానెయ్యమంటే మానెయ్" అన్నాడు. వంటింట్లో అక్క కళ్లు తుడుచుకుంది. మా వంశంలో నేను మొదటి బియ్యేని అవుతానని ఆవిడ ఆశ.

సభ అయ్యాక పెద్దాయన ఒకరి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. బావ నన్ను ముందుకు తోసి సంగతి చెప్పాడు.

"ఎందుకు మానేస్తున్నావు నాయనా?"

"మీరు చెప్పారు కనకండీ."

"అదొక్కటే అయితే చాలదు. చెప్పిన నాకే ఈమధ్య అనుమానంగా ఉంది."

"మీకు అనుమానమేమిటండీ! మీరు తప్పు చెప్పరు" అన్నాను. అంతటితో ఆగానా? బందరులో ఆయన చేసిన ఉపన్యాసం ఆయనకే పొల్లుపోకుండా అప్పజెప్పాను. మధ్యలో ఆయన ఏదో అనబోతే, "కాస్త వినండి" అని కూడా అన్నట్టు గుర్తు. ఆయన చివరిదాకా విని, "నేనింత బాగా చెప్పలేదు" అన్నారు. తర్వాత బావ వైపు తిరిగి, "తమరేమంటారు?" అని అడిగారు. బావ ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. చదువు మానిపించిన కుర్రాళ్లకు మళ్లీ చదువెక్కడ చెప్పిస్తారని మాత్రం అడిగాడు. పెద్దాయన గ్లాసు కింద పెట్టారు. "దీనికి నా దగ్గర జవాబు లేదండీ" అన్నారు, అంతమందిలో. నాతో, "ఈయనతో నెల్లాళ్లు వాదించు. అప్పటికీ మానాలనిపిస్తే మానెయ్. నా పేరు మాత్రం తీసుకురాకు" అన్నారు.

రైల్లో బందరు దాకా ఏడ్చాను, ఆయన మీద గౌరవం పోయిందనుకుని. అది నిజంగా పుట్టింది ఆ అరుగు దగ్గరేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

భోజనాల దగ్గర నెల్లాళ్లూ వాదించుకున్నాం. పెద్దాయన పేరు తీసేస్తే నా దగ్గర మూడు మాటలకు మించి లేవని మొదటి రోజే తేలింది. నాలుగోది వెతుక్కోవడానికి పుస్తకాలు చదవాల్సొచ్చింది. నెల తిరిగేసరికి నేను కాలేజీలోనే ఉన్నాను. బావ మాత్రం ఖద్దరు చొక్కా తొడుక్కుని కచేరీకి వెళ్లి, శిక్షగా అవనిగడ్డకు బదిలీ తెచ్చుకున్నాడు. "నీకు జవాబు చెబుతూ చెబుతూ సగం ఒప్పేసుకున్నాన్రా" అన్నాడు. సెలవులకు నేను అవనిగడ్డ వెళ్తే మళ్లీ మొదలు. "చేతులెండిపోతున్నాయి, లేవండి" అని అక్క కేకలేసేది.

బావ పోయి ఈ మాఘానికి ఏడాది. అక్క నా దగ్గరే ఉంటోంది. నేనేమన్నా ఇంట్లో అందరూ ఔనంటారు. భోజనాల దగ్గర ఇప్పుడెవరూ వాదించుకోవడం లేదు.