కోడలు అన్న చిల్

గాలి తిరిగింది, వేటకు వెళ్ళిన నా కొడుకు బోటు ఇంకా హంసలదీవి రేవుకు చేరలేదు. నా పెనిమిటిని తీసుకుంది కూడా ఆ సముద్రమే. గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే, గుడివాడలో కాలేజీ చదివిన మా కోడలు "చిల్ అత్తయ్యా" అంది.

"చిల్లేంటే? అంటే ఏంటంట?"

"కంగారుపడొద్దనండీ. కాలేజీలో అందరం అనుకునేవాళ్ళం."

"నీ చదువు తగలెయ్య! అక్కడున్నది నీ మొగుడే!"

తను మాత్రం వాడి అందని ఫోనుకే మళ్ళీ మళ్ళీ చేస్తోంది, పెదవులు "చిల్, చిల్" అని కదులుతున్నాయి. తనకు తానే చెప్పుకుంటోందని అప్పుడు తెలిసింది. చెయ్యి పట్టుకుని రేవుకు తీసుకెళ్ళాను. ఇంజను చప్పుడును బట్టి ఎవరి బోటో మేం చెప్పగలం. చాలాసేపటికి ఒకటి వినబడింది.

"మనదేనే" అన్నాను.

అప్పుడు ఏడ్చిందా పిల్ల.