మూడు మాత్రల బేరం

ఉచితంగా ఇచ్చిన మందుకు కూడా బేరమాడి గెలిచినవాణ్ణి ఈ బిలాస్‌పూర్‌లో నేనొక్కణ్ణే. ఆ గెలుపును పదిహేనేళ్లుగా, దించే చోటు దొరకని బస్తాలా వీపున మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మా వాళ్లది బొబ్బిలిలో కిరాణా కొట్టు. నేను రైల్వే గూడ్సు గుమాస్తానై ఇక్కడికొచ్చినా కొట్టు నన్ను వదల్లేదు. చెప్పిన ధర అసలు ధర కాదు, తగ్గింపుకు చోటు పెట్టుకునే చెబుతారు. నాకు ఉగ్గుతో పోసిన చదువు ఇదే.

మా ఆవిడ నాలుగో నెల కడుపుతో ఉండగా మెడ ముందు వాపు లేచింది. మొహం ఉబ్బింది. మే నెల ఎండకు క్వార్టరు గోడలు కాలిపోతుంటే ఆమె దుప్పటి కప్పుకుని వణికేది. రైల్వే డాక్టరు మెడ తడిమి, లోపలి గ్రంథి సరిగా పనిచేయడం లేదన్నాడు. గొర్రె గ్రంథితో చేసిన మాత్రలిచ్చాడు. రోజుకు మూడు. తగ్గించవద్దు, ఇది తల్లికే కాదు, బిడ్డ బుర్రకు కూడా అన్నాడు.

జంతువు మందు, కడుపులో పసిగుడ్డు, ఒకటి చాలదా? డాక్టరు మాత్రం తగ్గింపుకు చోటు పెట్టుకోకుండా చెబుతాడా?

"ఏటండీ, మూడని కదా డాక్టరుబాబు సెప్పినారు?"

"మళ్లీ కనుక్కున్నానే. ఒకటి సాలన్నారు."

"అచ్ఛా! డాక్టరుతో కూడా బేరమాడేసినారేటి?"

"మరేటనుకున్నావు నన్ను?"

ఆమె నవ్వింది. డాక్టర్ని నేను మళ్లీ అడగనే లేదు, అయినా ఆ నవ్వుకు పొంగిపోయాను.

కూతురు పుట్టింది. ఏడాదికీ మెడ నిలబెట్టలేదు. నాలుగేళ్లకూ మాట రాలేదు. మా అమ్మ వచ్చి చూసి, "గ్రహణంపూట కత్తిపీట ముందు కూకునుంటాది" అని తేల్చేసింది. మా ఆవిడ ఆలోచించి ఆలోచించి, ఆ రోజు వంకాయ తరిగినట్టు గుర్తు తెచ్చుకుంది. నిజంగా తరిగిందా? నేను చూడలేదు. నోరు విప్పాల్సింది అప్పుడే. విప్పలేదు. మూడూ వేసినా పిల్ల ఇలాగే పుట్టేదేమో అని నాతో నేనే బేరం మొదలుపెట్టాను, అదొక్కటే ఇప్పటికీ తెగలేదు.

గ్రహణం వస్తే చాలు, ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. ఇప్పుడు ఏ బిడ్డ కోసం? పిల్ల ఆ చేతుల్ని పట్టి లాగుతుంది. ఆమె కదలదు. రేపు మళ్లీ గ్రహణం. ఆమెకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. మీకు చెప్పాక ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.

పురుడు దాకా రోజుకు రెండు చొప్పున మిగిలిన మాత్రలు పారేయలేదు, కొట్టువాణ్ణి కదా. ఈ మధ్యాహ్నం ట్రంకుపెట్టెలోంచి తీసి, చాప మీద పోసి లెక్కపెట్టాను. రెండు వందల తొంభై ఎనిమిది. ఒక్క రోజు భయపడి మూడూ ఇచ్చాను, లేకపోతే సరిగ్గా మూడు వందలు ఉండేవి. అన్నీ నావే. ఇందులో ఆమె వంతు ఒక్కటీ లేదు. వంకాయ లెక్కలోకి రాదు.