గొడుగు లాయరు బోనెక్కిన రోజు

మా గొడుగు లాయరు గురించి చెప్పమంటే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, ఆ తర్వాతే నవ్వొస్తుంది. ఎండైనా వానైనా ఆయన చంకలో గొడుగు ఉండాల్సిందే. ప్రింటింగు ప్రెస్సు మీద ఒంటి గది, కుంటి బల్ల, నాలాంటి గతిలేని ముద్దాయిలు, అదీ ఆయన ప్రాక్టీసు. నలభై దాటినా పెళ్ళి లేదు. సంబంధాలు చూసీ చూసీ వాళ్ళక్క చేతులెత్తేసింది. అడ్డప్రశ్నలకు లేచాడంటే మాత్రం పోలీసులకు చెమటలు పట్టేవి.

నేను పనిముట్ల సంచి భుజాన వేసుకుని తిరుగుతూ తాళాలు బాగుచేసేవాణ్ణి. మా వీధిలో గడియారాల కొట్టు దోచుకుంటే ఇంకెవరిని పట్టుకుంటారు? పైగా సాక్షి కూడా దొరికింది. ఎదురు మేడ మీద కిటికీ పక్కన మిషను కుట్టుకునే టైలరమ్మ, సాయంత్రం కొట్లోంచి సంచితో వచ్చింది నేనేనంది. శిక్ష పడితే మూడేళ్ళు. ఇంట్లో మా ఆవిడకు నెలలు నిండాయి.

విచారణకు ముందు రోజు లాయరు జైలుకొచ్చి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నిలదీస్తే అసలు సంగతి కక్కాడు. టైలరమ్మకు దూరపు చూపు ఆనదట. కళ్ళద్దాలుంటే సరే, కానీ ఈయన ఆ వీధిన వెళ్ళే వేళకు తీసి ఒళ్ళో పెట్టుకుంటుందట. ఆవిణ్ణి చూడ్డానికే ఈయన రోజూ చుట్టుదారిన ఇంటికి పోతున్నాడట. దొంగతనం జరిగిందీ సరిగ్గా ఆ వేళకే.

"మరింకేం, అడిగి పారేయండి" అన్నాను.

"ఎందుకు తీశావని ప్రాసిక్యూటరు అడుగుతాడు. నలుగురిలో ఆవిడ ఏం చెబుతుందయ్యా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా కొంప మునుగుతుంటే ఈయనకు ప్రేమ కావలసొచ్చిందా అని కడిగిపారేశాను. పాపం, గొడుగు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు టైలరమ్మ కోర్టుక్కూడా కళ్ళద్దాల్లేకుండానే వచ్చి, తడుముకుంటూ బోనెక్కింది. లాయరు లేచి, ఎన్నాళ్ళ నుంచి కుడుతున్నారు, మిషను చప్పుడు చేస్తుందా అని అడిగాడు. నేను పళ్ళు నూరుతూ నిలబడ్డాను. ఆవిడ దిగి వెళ్ళి కూర్చున్నాక ఆయన నుదురు తుడుచుకుని, నల్లకోటు విప్పి బల్ల మీద పెట్టాడు. ఈ కేసు వాదించే అర్హత తనకు లేదనీ, తననే సాక్షిగా తీసుకోమనీ జడ్జిగారిని వేడుకున్నాడు. జడ్జిగారు చాలాసేపు ఆలోచించి సరేనన్నారు.

బోనెక్కి, ఆ సాయంత్రం ఆవిడ కళ్ళద్దాలు తీసి ఉండగా చూశానన్నాడు. ఆవిడ కళ్ళద్దాలతో మీకేం పని అని ప్రాసిక్యూటరు వెటకారంగా అడిగాడు.

"ఆవిణ్ణి చూడ్డానికే ఆ వీధిన వెళ్తానండి. ఆ సంగతి ఆవిడకు తెలీదు. తప్పంటే నా ఒక్కడిదే."

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. ఈలోగా టైలరమ్మ లేచింది.

"నాకు తెలుసండి. అద్దాలతో బాగుండనని ఆయన వచ్చేసరికి తీసేస్తాను. ఆ రోజూ తీశాను. ఆయన్ని గొడుగును బట్టి పోల్చుకున్నాను గానీ దొంగ మొహం కనబడలేదు. సంచి చూసి తాళాలాయనే అనుకున్నాను."

కేసు కొట్టేశారు. జడ్జిగారు లాయరుకు గట్టిగా చీవాట్లు పెట్టారు గానీ ఆయన చెవికెక్కినట్టు లేదు, ఆవిడ వంకే చూస్తున్నాడు. ఆ నెల తిరక్కుండానే పెళ్ళి చేసుకున్నారు.

కేసు కొట్టేసిన రోజు కోర్టు మెట్ల దగ్గర ఆవిడ నన్నాపి, "పొరపాటైంది అన్నయ్యా, క్షమించు" అంది. జైల్లో కూర్చుని కూడబెట్టిన తిట్లన్నీ ఆ మెట్ల మీదే వదిలేశాను. ఇంటికి పరుగెత్తాను. ఆ వారమే మా అమ్మాయి పుట్టింది. మంత్రసాని చేతుల్లోంచి దాన్ని మొదట అందుకున్నది నేనే.