వేలాడగట్టిన షాఫ్టు

ఒట్టేసి చెబుతున్నాను, ఆ రాత్రి నేను చుక్క ముట్టలేదు. నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు నేను పలాసలో ఒక వర్క్‌షాపులో ఉండేవాణ్ణి. ఉక్కును కాల్చి గట్టిపరచడం నా పని. ఎక్కువగా జీడిపప్పు మిషన్ల ముక్కలే వచ్చేవి. ఆ రోజు మాత్రం మా బావ వచ్చాడు. మా అక్క మొగుడు. భావనపాడులో సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే మనిషి. పడవ ఇంజనుకీ నీళ్ళలో తిరిగే పంకాకీ మధ్య ఉండే షాఫ్టు విరిగిపోయిందట. తుప్పు పట్టదని ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించి తెచ్చాడు.

"దీన్ని గట్టి సేసి ఇయ్యి బామ్మర్దీ. రేపు సాయంత్రం వేటకి ఎల్లాల. నువ్వు సేసినావంటే నాకింక భయం నేదు," అన్నాడు.

ఆ ఉక్కుతో ఒక తంటా ఉంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసెక్కుతుంది. ఇంకా వెచ్చగా ఉండగానే మళ్ళీ కొలిమిలో పెట్టి, తక్కువ వేడిలో కొన్ని గంటలు ఉంచాలి. అప్పుడే ఆ పెళుసు పోతుంది. రాత్రంతా ఊరికే వదిలేస్తే దానంతటదే పగిలిపోవచ్చు. మా మేస్త్రి ఈ మాట రోజుకోసారి చెప్పేవాడు.

నూనెలోంచి తీశానో లేదో... కరెంటు పోయింది.

మా కొలిమి కరెంటుది. ఏం చేయను? షాఫ్టును తాడుతో దూలానికి వేలాడగట్టి, చెక్క సుత్తితో ఒక దెబ్బ వేశాను. మంచి ఉక్కు కంచు పళ్ళెంలా చాలాసేపు మోగుతుంది. పగులుంటే డొక్కు చప్పుడు. ఇది ఇరవై లెక్కపెట్టేదాకా మోగింది. సుత్తి బల్ల మీద పెట్టి, తలుపు గడియ వేసి, లాంతరు పక్కన గోనెపట్టా పరుచుకున్నాను.

నిద్ర ఎక్కడిది? దోమలు... నూనె వాసన... దూరంగా గూడ్సు బండి. అదీ వెళ్ళిపోయింది.

అప్పుడు... మోగింది.

లేచి కూర్చున్నాను. షాఫ్టు కదలడం లేదు. తాడు కదలడం లేదు. సుత్తి బల్ల మీదే ఉంది. నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను. ఒకటి... రెండు... ఇరవై.

గూడ్సు అదురేమో అనుకున్నాను. కానీ బండి వెళ్ళి చాలాసేపయింది.

మళ్ళీ మోగింది. ఈసారి పదకొండు దగ్గర ఆగింది. ఎవరో... అరచేత్తో పట్టి ఆపినట్టు.

"ఎవరది?" అన్నాను. ఎవరూ లేరు. పారిపోదామనుకున్నాను. కానీ అక్క గుర్తొచ్చింది. వెళ్ళి ముట్టుకున్నాను. చల్లగా ఉంది. లోపల్లోపల... అదురుతోంది. నా చేతి కిందే మూడోసారి మోగింది. డొక్కుగా. ఒక్కసారి... అంతే.

చాలా భయపడ్డాను. దాచుకోవడమెందుకు?

తెల్లారుజామున కరెంటు వచ్చింది. షాఫ్టుకు కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాను. పగులుంటే సన్నటి తడిగీత పైకి తేలుతుంది. ఏ గీతా లేదు. సుత్తితో కొట్టాను. ఇరవై. మళ్ళీ కొట్టాను. ఇరవై. కొలిమిలో పెట్టి పొద్దెక్కేదాకా ఉంచాను.

మధ్యాహ్నం బావ వచ్చాడు.

"రెండ్రోజులు ఆగు బావా. ఇంకోటి సేయించిత్తాను," అన్నాను.

"ఏటి, బాగా రానేదా?"

"వచ్చింది."

"మరేటి నీ బాధ?"

చెప్పలేకపోయాను. షాఫ్టు దానంతటదే మోగిందంటే భావనపాడంతా నవ్వుతుందని సిగ్గు. ఇచ్చేశాను.

ఇది జరిగి నాలుగేళ్ళు. ఆ షాఫ్టు ఇప్పటికీ తిరుగుతోంది. ఆ రాత్రి విన్నది ఉక్కు పగిలిన చప్పుడా, మరేదైనానా... నాకు తెలియదు. బావ వేటకెళ్ళిన రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టదు.

మొన్న ఇంజను విప్పినప్పుడు ఆ షాఫ్టును మళ్ళీ నా దగ్గరికే తెచ్చాడు. నేను ఉక్కును మోగించి చూడటం ఎరిగినవాడే, తనే దూలానికి కట్టాడు. చెక్క సుత్తి నా చేతికిచ్చి, "ఓపాలి మోగించు బామ్మర్దీ, ఇందాం," అన్నాడు.

సుత్తి పట్టుకున్నాను... కొట్టలేదు.

"బాగానే ఉందిలే," అన్నాను.

నిన్న దాన్ని బిగించుకుని వేటకెళ్ళాడు. ఇప్పుడు సముద్రం మీదే ఉన్నాడు.