ఎక్కించకముందు తీసిన ట్యూబు

కరోనాకు ముందు ఏడాది వేసవిలో నన్ను పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో, సీరాలజీ విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. సీరాలజీ అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే పసుప్పచ్చటి నీటిలో జబ్బుల ఆనవాళ్లు వెతకడం. హోదా ఇచ్చారు గాని కుర్చీ ఇవ్వలేదు. అది డిగ్రీ ఉన్నవాళ్లకట. నేను పదో తరగతితో ఆపి, గాజు గొట్టాలు కడిగే పనిలో చేరినవాణ్ని. టెస్టు కిట్ల డబ్బాల్లో మడతపెట్టి వచ్చే కాగితాలను డిగ్రీవాళ్లు చెత్తబుట్టలో వేస్తుంటే, ఏరుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఇప్పటికీ వాటిలో సగం నోటికి వస్తాయి.

ఆ విభాగంలో అన్నిటికంటే బరువైన పని అవయవదాతల పరీక్ష. బ్రెయిన్ డెడ్ అని ఆరు గంటల తేడాతో రెండుసార్లు నిర్ధారించి, కుటుంబం ఒప్పుకున్నాక, దాత రక్తం మాకు వస్తుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి ఉన్నాయేమో చూడాలి. అవయవం పొందిన మనిషికి, ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని మందులతో అణచిపెడతారు. ఆ సమయంలో దాత నుంచి వైరస్ కూడా వెళ్లిందంటే, తలుపులు బార్లా తీసిన ఇంట్లోకి దొంగ వెళ్లినట్టే.

ఒక శుక్రవారం ఉదయం అలాంటి ట్యూబు వచ్చింది. దాత మోటార్ సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవాడు. అమీర్‌పేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో మొదట చేర్చి, తర్వాత మా ఆస్పత్రికి మార్చారు. అతని కాలేయం మా దగ్గరే పడకలో ఉన్న యాదయ్యకు కేటాయించారు. యాదయ్య బోరబండలో తాపీ పని చేసేవాడు. కాలేయం రాకపోతే నెల దాటడని డాక్టర్లు చెప్పేశారు. అతని భార్య లక్ష్మి ల్యాబు కిటికీ దగ్గర నిలబడి, ‘‘అన్నా, గా రిపోర్టు జర జల్ది ఇయ్యరాదే’’ అని మూడుసార్లు అడిగింది.

మెషీన్ అన్నీ నెగటివ్ అంది. మా మైక్రోబయాలజీ డాక్టరుగారు సంతకానికి కలం తీశారు. నేను ట్యూబు మీద సమయం చూశాను. ఆ ఉదయమే తీసింది. అప్పటికి అతనికి ఎనిమిది యూనిట్ల రక్తం, సీసాల మీద సీసాల సెలైన్ ఎక్కించినట్టు కేస్ షీట్‌లో ఉంది.

‘‘సార్, ఇది దాత రక్తం గాదు. సగం సెలైను, మిగిలినదాంట్ల సగం పరాయోళ్ల రక్తం’’ అన్నాను.

చారులో చెంబుడు నీళ్లు పోస్తే ఉప్పు నాలుకకు ఆననట్టు, పలుచబడిన రక్తంలో ఆనవాళ్లు మెషీన్‌కు ఆనవు. కిట్ కాగితం చివర చిన్న అక్షరాల్లో ఈ సంగతే ఉంటుంది. ఎక్కించకముందు తీసిన నమూనా చూడాలని మాకు రూలు కూడా ఉంది. రూలు ఫైలులో ఉంది, ఫైలు బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గరుందో మాత్రం ఎవరికీ తెలియదు.

కోఆర్డినేటర్ సుజాత అప్పుడే వచ్చింది. దాత కుటుంబంతో మాట్లాడటం మొదలుకుని ఆపరేషన్ దాకా అంతా నడిపించే ఉద్యోగం ఆమెది. భీమవరం అమ్మాయి. ‘‘ఏంటండీ రాములు గారూ! రెండింటికి ఆపరేషన్ థియేటర్. అవతల దాత బీపీ నిలవట్లేదు. ఇప్పుడు మొన్నటి రక్తం కావాలంటే ఎక్కణ్ణుంచి తెమ్మంటారండీ?’’

‘‘అమీర్‌పేట నుంచమ్మా.’’

రక్తం ఎక్కించేముందు గ్రూపు సరిపోతుందో లేదో చూడటానికి రోగి రక్తం తీస్తారు. ఆ ట్యూబును వారం రోజులు ఫ్రిజ్‌లో దాచాలి. నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేస్తే ‘‘ఉంటది, చూస్తం’’ అన్నారు. ఆ మాటకు అర్థం తెలిసినవాణ్ని కనుక ఐస్ డబ్బా పట్టుకుని నేనే షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న కోచింగ్ కుర్రాడు ‘‘అంకుల్, ఐస్‌క్రీమా?’’ అన్నాడు. ఖాళీ డబ్బా అన్నాను. వాడి బుర్రతో పోలిక తోచింది గాని, దిగే స్టాపు వచ్చింది.

అక్కడి టెక్నీషియన్ నర్సింలు నాకు పాత పరిచయం. ఫ్రిజ్ తెరిస్తే పై అరలో పెరుగన్నం డబ్బా. నాకు ఒళ్లు మండి నాలుగు మాటలన్నాను.

‘‘అన్నా, నువ్వు ట్యూబు కోసం వచ్చినవా, నా ఫ్రిజ్ తనిఖీకి వచ్చినవా?’’

‘‘రెండిటికి.’’

‘‘అట్లయితే ముందుగాల ట్యూబు జూడు, తర్వాత తిట్టు.’’

కింది అరలో ట్యూబు ఉంది. పేరు, నంబరు, తీసిన సమయం, అతని సంతకం స్పష్టంగా ఉన్నాయి. కేస్ షీట్ ప్రకారం మొదటి సెలైన్ సీసా తగిలించింది ఆ తర్వాత పది నిమిషాలకు. తిట్టడానికి ఏమీ మిగలలేదు. పెరుగన్నం సంగతి మరో రోజుకు వాయిదా వేశాను.

వెనక్కి వచ్చి మెషీన్‌లో పెట్టాం. హెచ్‌ఐవీ లేదు, సి లేదు, బి వైరస్ పైపొర కూడా లేదు. కాని బి వైరస్ లోపలి భాగానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ ఉంది. పలుచబడిన ట్యూబులో దొరకనిది ఇదే. అంటే అతనికి ఎప్పుడో హెపటైటిస్ బి వచ్చి తగ్గింది. తగ్గినా వైరస్ కాలేయంలో నక్కి ఉంటుంది, కొత్త ఒంట్లో అడ్డులేక మళ్లీ లేస్తుంది.

నేను ఛాతీ విరుచుకుని, ‘‘ఈ కాలేయం పనికిరాదు సార్’’ అన్నాను.

డాక్టరుగారు కళ్లజోడు మీంచి చూశారు. ‘‘ట్యూబు తెచ్చావు, బాగుంది. తీర్పు ఎవరు చెప్పమన్నారయ్యా?’’

ఆయన సర్జన్‌కు ఫోన్ చేశారు. ఇలాంటి కాలేయం ఇవ్వవచ్చట. పొందినవాడు ఆపరేషన్ నాటి నుంచి రోజూ వైరస్‌ను అణిచే మాత్ర వేసుకోవాలి. విషయం ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. కిట్ కాగితాల్లో పరీక్ష ఉంటుంది గాని వైద్యం ఉండదు. నేను చదివిందంతా అక్కడితో ఆగిందని అప్పటిదాకా నాకు తోచలేదు.

సర్జన్, సుజాత కలిసి యాదయ్యకు, లక్ష్మికి అంతా చెప్పారు. లక్ష్మి ఒక్కటే అడిగింది: ‘‘గోలీ దినాం ఏసుకుంటె మనిషి బతుకుతడా?’’ మానేస్తేనే ప్రమాదమని సర్జన్ అన్నారు. ‘‘ఎట్ల మానేస్తడో నేను జూస్త’’ అంది. యాదయ్య సంతకం పెడుతూ, ‘‘లివర్ కన్న గీమె గట్టిది సార్’’ అన్నాడు.

ఆపరేషన్ గంటన్నర ఆలస్యంగా మొదలైంది. దాత గుండె అంతవరకు నిలబడింది. తర్వాత యాదయ్య రక్తం పరీక్షలకు నా దగ్గరికే వచ్చేది. నేను రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా బి వైరస్ కనిపించలేదు.

ఆ నెలలోనే దాత ఫారంలో కొత్త గడి చేర్చారు: ఈ నమూనా రక్తం, సెలైన్ ఎక్కించకముందు తీసిందా, తర్వాతా? గడి నేనే రాశాను, స్పెల్లింగులు సుజాత దిద్దింది.

రక్తం ఎప్పుడు తీశారో తెలియకపోతే, నెగటివ్ అన్న మాటకు విలువ లేదు. ఇది నాకు ముందే తెలుసు. పాజిటివ్ అంటే పారేయమని కాదు, తెలిసి వాడమని. ఇది మాత్రం యాభై ఏడో ఏట తెలిసింది.