మా మామ నిద్రపోయిన సప్తాహం

మా ఊళ్లో సప్తాహం ముగిసిన మర్నాడు పట్టపగలే ఊరంతా నిద్రపోతుంది. శ్రావణమాసంలో ఏడు పగళ్లు, ఏడు రాత్రులు రాములవారి గుడిలో భజన ఆగకూడదు, అఖండ దీపం ఆరకూడదు. జట్లు జట్లుగా వంతులు వేసుకుని పాడతారు. అంతా అయిపోయాక గొంతులు బొంగురుపోయి ఎక్కడివాళ్లు అక్కడే పడిపోతారు. ఆ రోజు పాలు పితికే వేళ కూడా తప్పుతుంది. అలాంటి రోజు మధ్యాహ్నం నేను నిద్ర లేచి నీళ్ల కోసం బయటికి వచ్చాను. వీధిలో మనిషి అలికిడి లేదు. మా ప్రహరీ గోడ మాత్రం తెల్లగా మెరుస్తోంది. గుడిలో పరిచిన జంఖానాలన్నీ ఉతికి కంచె మీద ఆరేసి ఉన్నాయి. మా ఆయన సున్నం బకెట్ పట్టుకుని రెండో పూత వేస్తున్నాడు.

"యాల మామా ఈ పని, రోంతసేపు పండుకోగూడదా?" అన్నాను.

"నిద్దర రాలేదు లచ్చిమీ. అలుపు కూడా లేదు. ఒళ్లు ఎంత తేలిగ్గా ఉండాదో!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. సప్తాహం జరిగిన వారమంతా ఆయన నిద్రపోలేదని ఊరందరికీ తెలుసు. అయినా ఆ వెలుగు చూసి నేను నీళ్ల మాట మరిచి గడప దగ్గరే నిలబడిపోయాను.

మాది పత్తికొండ వైపు ఒక పల్లె. బోరు కింద ఎర్రగడ్డలు, వానకు బుడ్డలు, అదే వేరుశనగ, వేసుకుని బతుకుతాం. మా ఆయన వీరేషు మా అమ్మకు సొంత తమ్ముడు. పెళ్లికి ముందూ మామే, పెళ్లయ్యాకా మామే. పిలుపు మార్చుకునే శ్రమ నాకు తప్పింది. మా ఊరి ఈరన్న తాత నడిపే భజన జట్టులో ఆయన హార్మోనియం వాయిస్తాడు. నెమ్మది మనిషి. విస్తరిలో కూర అయిపోతే అడగడానికి కూడా మొహమాటం. హార్మోనియం ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి. నేను ఆయన్ని మెచ్చుకోవడం మొదలుపెట్టింది ఆ పెట్టె ముందే. ఇన్నేళ్లయినా మానలేదు.

ఆ ఏడాది రావలసిన పక్క ఊరి జట్టు రాలేదు. వాళ్ల వంతులు మామే ఎత్తుకున్నాడు. దీపం కాపలా కూడా ఆయనే చూశాడు. రెండు మూడు రోజులు ఆవులించాడు. తర్వాత ఆవులింతలు పోయాయి. ఆఖరి రోజు అన్నదానం దగ్గర ఊరి పెద్దలు శాలువా కప్పి, "వీరేషప్పకు సామి తోడుండాడప్పా. లేకుంటే మనిషన్నోడు ఇన్ని దినాలు మేలుకోగలడా?" అన్నారు. మా ఊళ్లో జాగారం చేసినవాడికి అంత గౌరవం. ఆ శాలువా చూసి నేనూ మురిసిపోయాను.

తర్వాత రోజుల్లో కూడా ఆయన పడుకోలేదు. గడియసేపు నడుం వాల్చి లేచేవాడు. మాటలు జోరెక్కాయి. ఒక మాట ముగియకముందే ఇంకోటి అందుకునేవాడు. కొత్త కీర్తనలు కట్టి, దారిన పోయేవాళ్లను ఆపి వినిపించేవాడు. ఊరికి భజన మందిరం కట్టిస్తానని రాళ్ల కోసం బేతంచెర్లకు ఫోన్ చేశాడు. ట్రాక్టర్లలో నాపరాళ్లు దిగాయి. నన్ను అడగలేదు, ఎవరినీ అడగలేదు. పక్క ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి కాళ్లకు మొక్కిపోతుంటే వాళ్లకు టీలు కాచి పోయడం నా పని అయింది. దేవుడు ఆయన ఒంట్లోకి వచ్చాడో లేదో గానీ, చక్కెర డబ్బా మాత్రం ఖాళీ అయింది.

ఒకరోజు ఈరన్న తాత వచ్చి, "అబ్బీ, ఇంగ పండుకో. అయిపాయ గదా సప్తాహం" అన్నాడు. ఈరన్న తాత మామకు గురువు. ఆయన ముందు మామ ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. అలాంటివాడు లేచి అరిచాడు. "నేను కన్ను మూస్తే దీపం ఆరిపోతాది! ఊరు చీకటైతాది! నీకేం తెలుసు?"

దీపానికి అప్పటికే హారతిచ్చి కొండెక్కించారు. గుడికి తాళం కూడా వేశారు. ఆ మాటే చెప్పాను. నా వంక జాలిగా చూశాడు. అర్థం కాని పిల్లను చూసినట్టు చూశాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

మా ఊరి ఆర్‌ఎంపీ నీరసమని సెలైన్ ఎక్కించాడు. నీరసంగా ఉన్నది నేను, సూది పడింది ఆయనకు. నిద్ర మాత్ర ఇస్తే కళ్లు ఎర్రబడ్డాయి, నిద్ర రాలేదు. జట్టులో ఢోలక్ వాయించే మహబూబ్ బాషా దర్గా నుంచి తాయత్తు తెచ్చి కట్టాడు. అతనికి ఆటో కూడా ఉంది. కట్టిన తర్వాత నన్ను పక్కకు పిలిచి, "తాయత్తు ఉండనీ వదినా. దువా దువానే, దవా దవానే. ప్రార్థన ప్రార్థనే, మందు మందే. కర్నూలుకు గూడ పోదాం. ఆటో సిద్ధంగా పెట్టుకుంటా" అన్నాడు. ఆ పూట అతను నాకు దేవుడిలా కనపడ్డాడు.

మేం బయల్దేరేలోపే మామ రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. పత్తికొండ బస్సు వస్తుంటే నడిరోడ్డు మీద చేతులు చాపి నిలబడ్డాడు. "డ్రైవరన్నా, నిద్దరపోతాండావు! అందరూ నిద్దరపోతాండారు! మేలుకోండి!" అని కేకలు. బస్సు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవర్ దిగి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. ఆయన కాసేపు మామ కళ్లలోకి చూసి, "అమ్మా, ఈయన తాగలేదు. ఆసుపత్రికి తీసకపో" అన్నాడు. బాషా, నేను చెరో చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాం.

కర్నూలులో సైకియాట్రీ వార్డులో చేర్చారు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. బ్లడ్ టెస్టులు, థైరాయిడ్, క్రియాటినిన్, ఈసీజీ రాసింది. ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టి చాలాసేపు అడిగింది. నిద్ర లేదని నేను ఒకటే మొత్తుకుంటే ఆమె చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నిద్ర పట్టనోళ్లు నా దగ్గరికి శానామంది వస్తారమ్మా. వాళ్లు అలసిపోయి వస్తారు. మీ ఆయన నిద్ర లేకున్నా అలసిపోలేదు. నా భయం అదే. దీన్ని మేనియా అంటాం. జబ్బు పేరు బైపోలార్ డిజార్డర్. మనసు ఒకసారి పైకెగురుతుంది, ఒకసారి కిందికి కూలిపోతుంది."

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?" అని అడిగింది. ఆయన ఇల్లూ నా ఇల్లూ ఒకటే కదా. మామ నాన్న నాకు తాత. ఆయన ఒక ఎండాకాలం నిద్రాహారాలు మాని ఒంటరిగా బావి తవ్వాడని, ఆ తర్వాత నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాడని మా అమ్మ గొప్పగా ఒకసారి, దిగులుగా ఒకసారి చెప్పేది. అవి రెండూ ఒకే జబ్బు అని మాకెవరికీ తట్టలేదు. డాక్టరమ్మ తల ఊపి, "ఈ గుణం లోపల ఉంటుంది. వరసగా నిద్ర చెడగొట్టుకుంటే పైకి లేస్తుంది. సప్తాహం జబ్బు తేలేదు. నిద్ర లేకపోవడం వల్ల లేచింది" అంది.

ఇంజెక్షన్లు, మాత్రలు పడ్డాక మూడో రోజుకో ఏమో, మధ్యాహ్నం వేళ మామ గురక పెట్టాడు. పక్క మంచం వాళ్లు విసుక్కున్నారు. నేను ఆ గురక వింటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పెళ్లయినప్పటి నుంచి ఆ గురక మీద ఎన్ని జోకులు వేశానో!

లిథియం మాత్రలతో ఇంటికి పంపారు. రక్తంలో మందు ఎంత ఉందో చూసే సీరం లిథియం పరీక్ష క్రమం తప్పకూడదని, ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు వికటిస్తుంది గనుక మా ఎండల్లో చేనికి పోయేటప్పుడు నీళ్ల క్యాను మరవకూడదని చెప్పారు. మనిషి ఇంటికి వచ్చాడు గానీ వెలుగు పోయింది. చేసినవన్నీ గుర్తొచ్చి సిగ్గుతో బయటికి వచ్చేవాడు కాదు. వాకిట్లో నాపరాళ్లు చూస్తే తల దించుకునేవాడు. వాటిలో ఒక ట్రాక్టర్ లోడు వెనక్కి పంపాం. మిగిలిన రాళ్లతో ఈరన్న తాత, బాషా కలిసి మా ఇంటి ముందు అరుగు వేశారు. "నీ మందిరం ఇదేనప్పా. ఈడనే కూసోని సాధన చేద్దాం" అని జట్టు మొత్తాన్ని అక్కడికే తెచ్చారు. ఎవ్వరూ బస్సు మాట ఎత్తలేదు. ఊరివాళ్ల మంచితనం నేను చూసింది ఆ అరుగు మీదే.

అరుగు మీద పెట్టె తెరిచాక అసలు కష్టం బయటపడింది. మామ వేళ్లు వణుకుతున్నాయి. మాత్రల వల్ల ట్రెమర్ అన్నారు. హార్మోనియం మెట్ల మీద వేళ్లు పరుగెత్తాల్సిన చోట తడబడేవి. పెట్టె మూసేసి లోపలికి వెళ్లిపోయేవాడు. మరుసటి శ్రావణం దగ్గర పడుతుంటే వేళ్లు బాగయ్యాయి, పాట బాగయింది. నేను సంతోషపడ్డాను. ఒకరోజు పొద్దున లేచి వాకిట్లోకి వస్తే ప్రహరీ గోడ తెల్లగా, తడిగా ఉంది. లోపలికి పరుగెత్తి మాత్రల అట్టలు చూస్తే నిండుగానే ఉన్నాయి. మాత్రలు మానేశాడు.

ఈసారి మొక్కులకు జనం రాకముందే కర్నూలు చేరాం. డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను. "రిలాప్స్ అయింది, జబ్బు తిరగబెట్టింది. త్వరగా తెచ్చారు, మంచి పని చేశారు" అని నాతో అంది. మామ కొంచెం కుదుటపడ్డాక, "ఎందుకు ఆపారో చెప్పండి" అని అడిగింది. ఆయన రెండు చేతులూ ముందుకు చాపాడు.

"హార్మోనియం, మేడమ్" అన్నాను నేను.

ఆమె ఆ వేళ్ల వైపు కాసేపు చూసింది. "ముందే చెప్పుంటే డోసు సరిచేసేదాన్ని గదా. వేళ్ల సంగతి నాకు వదిలేయండి. నిద్ర సంగతి మీరు చూసుకోండి" అంది. మాతో వచ్చిన ఈరన్న తాతను కూడా పిలిచి, "భజన మాన్పించొద్దు పెద్దాయనా. నిద్ర మాన్పించొద్దు. అంతే" అంది. తాత ఆ మాట దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాడు. ఆ ఏడాది సప్తాహం మేం ఆసుపత్రి మంచం దగ్గరే గడిపాం.

ఆ మరుసటి ఏడాది వంతులు పంచుకోవడానికి గుడి ముందు ఊరు కూడింది. మామకు ఏదో నరాల జబ్బనే ఊళ్లో అనుకునేవారు. ఎవరో అలవాటుగా, "దీపం కాపలా వీరేషప్పకే ఇద్దాం. ఆయన మాదిరి ఎవురు మేలుకుంటారు?" అన్నారు. మామ లేచాడు. ఒప్పుకుంటాడేమోనని నేనూ లేచాను.

"ఒక మాట చెప్తా, ఇనండప్పా" అన్నాడు. గొంతు సన్నగా ఉంది, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను మేలుకున్న్యానే, అది సామి మహిమ కాదు. జబ్బు. దానికి కర్నూల్లో మందు తింటాండా. నన్ను మేలుకోమని మెచ్చుకోవద్దండి. మళ్లా ఆ బస్సు ముందర నిలబడతా. పాడమంటే పాడతా. మాపటేలకు పోయి పండుకుంటా."

ఊరు శాలువా కప్పిన చోటే నిలబడి ఆ మాట అన్నాడు. పేరుకు పేరు పోతుంది, పిచ్చోడనే ముద్ర పడుతుంది. అది తెలిసే అన్నాడు. విస్తరిలో కూర అడగలేని మనిషి! ఆయన వాయించిన ఏ కీర్తన విన్నప్పుడూ నాకు అంత గర్వం కలగలేదు.

ఈరన్న తాత తుండు దులుపుకుని లేచాడు. "వీరేషుది పొద్దుటి వంతు. మొదటి మాపటి వంతు నాది. దీపం దగ్గర దినానికొకరు. ఈ జట్టులో ఎవురూ వరసగా రెండు రాత్రులు మేలుకునేది లేదు, నేను గూడ" అన్నాడు. తర్వాత గుడి మీదికి చూసి, "ఆ మైకు హారను యాడికి తిరిగుండాది?" అని అడిగాడు. అది సరిగ్గా మా ఇంటివైపే ఉంది. బాషా నిచ్చెన ఎక్కి దాన్ని చేల వైపు తిప్పాడు.

ఇప్పుడు మామ బాగున్నాడు. చేను చూసుకుంటాడు, అరుగు మీద పిల్లలకు స్వరాలు నేర్పుతాడు. వేళ్లు ఇంకా కొంచెం వణుకుతాయి. అది చూసి ఈరన్న తాత, "గమకం శానా బాగుండాదబ్బీ, ఎవురు నేర్పిచ్చిరి?" అని ఆట పట్టిస్తాడు. సప్తాహం వచ్చిందంటే పొద్దు గుంకేసరికి వీధిలో ఎవరో ఒకరు మామను ఆపి, "ఏమప్పా, ఇంకా పండుకోలేదా?" అని గదమాయిస్తారు. జాగారానికి మెచ్చుకున్న నోళ్లే ఇవి.

చదువుతున్న మీకు ఒక్క మాట చెబుతాను. మీ ఇంట్లో ఎవరైనా వరసగా కొన్ని రోజులు నిద్ర లేకుండా ఉండి, అలుపే లేదని వెలిగిపోతూ చెబితే మురిసిపోకండి. ఆ రోజే సైకియాట్రీ డాక్టరుకు చూపించండి.

మొన్న శ్రావణంలో కూడా సప్తాహం జరిగింది. మామ మాత్ర వేసుకుని మాపటేలే పడుకున్నాడు. తెల్లవారుతుండగా ఆయన వంతుకు నేనే లేపాను. కళ్లు తెరవగానే మొదటి మాట, ప్రతి ఏడూ అడిగేదే.

"దీపం ఉండాదా లచ్చిమీ?"

"ఉండాది మామా. నువ్వు నిద్దరపోయినా ఉండాది. లేచి ముఖం కడుక్కో."