సిద్ధిరాములు కర్ర చేసిందెవరు?

కామారెడ్డిలో ఉట్టి సిద్ధిరాములు అంటే ఎవరూ గుర్తుపట్టరు. "పూల్ ఆట సిద్ధిరాములు" అనండి, పాలు పోసే ఆయన కూడా ఇల్లు చూపిస్తాడు. రెండు బల్లల ఆటగది అతనిది. యాభై దాటినా గురి తప్పదు. ఆ గురి తన చేతిలో ఉందో, బంతిని కొట్టే కర్రలో ఉందో అతనికే అనుమానం. వేరే కర్ర పడితే బంతి మొహం తిప్పుకుంటుంది మరి!

ఆ కర్ర అతని ఉస్తాద్, ఎల్లారెడ్డి లింగయ్య పోతూ పోతూ ఇచ్చింది. నల్లగా నిగనిగలాడే జిట్రేగి చెక్క పిడి, దాని మీద మామిడాకుల్లా కోసి పొదిగిన తెల్లటి కొమ్ము ముక్కలు. నడుమ ఇత్తడి మర. తిప్పితే రెండు ముక్కలై సంచిలో పడుతుంది. చేసినవాడి పేరు లేదు, గుర్తు లేదు. ఎవరు చేశారని అడిగినప్పుడల్లా లింగయ్యది ఒకటే మాట: "చేసినోడు చేసిండు. నువ్వు ఆడు."

ఇప్పుడా మర అరిగిపోయింది. కొట్టబోతే కర్ర ఊడిపోయే పన్నులా లొడలొడలాడుతోంది. లేత్ మిషన్ నరేందర్ అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"అన్నా, నా తాన ఉన్న ఏ మరా దీనికి పట్టది. ఎవడో సొంత పనిముట్టుతోటి దింపిండు. చేసినోన్నే పట్టుకరా."

"యాడికెల్లి పట్టుకరావాలెరా?"

"గది నన్నడిగితే ఎట్లనే!"

ఉస్తాద్ ఊరు కదా అని సిద్ధిరాములు ఎల్లారెడ్డి బస్సెక్కాడు. అక్కడ వడ్రంగి హన్మంతు కర్రను చూసి, తనకేమీ తెలియదని చెప్పి మళ్లీ రంద పట్టి చెక్క నునుపు చేసుకోసాగాడు. ఇంతలో కుర్చీ బాగుచేయించుకోవడానికి వచ్చినాయన, "పాతకాలం సామాను! ఇట్లాంటియి పట్నంల అద్దాల పెట్టెల వెడ్తరు" అన్నాడు. అంతే, హన్మంతు రంద కింద పెట్టేశాడు.

"ఆగన్నా! గిది మా తాత చేసిందే!"

పక్క దుకాణం వాడు ఊరుకుంటాడా? "వాళ్ల తాతకు మంచంకోడే సక్కగ చెక్కరాదు. గిది మా మేనమామ పని."

"మీ మేనమామనా? ఆయనకు కల్లు ముంత పట్టుడు తప్ప ఏమొచ్చు?"

పొద్దుటి నుంచి ఒక్కడూ దొరకలేదు, ఇప్పుడేమో ఇద్దరు! సిద్ధిరాములుకు తల తిరిగింది. "సరే, ఈ మర దింపిన పనిముట్టు చూపియ్యిండ్రి" అంటే ఇద్దరూ ఆకాశం వంక చూశారు.

అదంతా వింటున్న కుర్చీ ఆయనకే జాలి కలిగింది. లింగయ్యకు కట్టెపని చేసిపెట్టింది రామస్వామి అని, ఆయన లేడు గానీ భార్య లక్ష్మీనర్సమ్మ ఉందని దారి చూపించాడు.

ముసలామె గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కర్ర చూడగానే మొహం మాడ్చుకుంది.

"ఇది ఇంక బతికే ఉన్నదా?"

"అవ్వా, అయితే మీ ఆయన చేసిందేనా?"

ఆమె లోపలికి వెళ్లి చపాతీ కర్ర తెచ్చింది. అదే జిట్రేగి, అవే మామిడాకులు!

"ఇంటికి తలుపు లేదు బిడ్డా. గోనెపట్ట కట్టుకొని పండుకున్నం. తలుపుకని తెచ్చిన మొద్దును మా ఆయన గా లింగయ్య కర్రకు వెట్టిండు. నేను లొల్లి చేస్తే, మిగిలిన ముక్కతోటి నాకు గిది చేసిచ్చిండు. మేం జొన్నరొట్టె చేత్తోటి కొట్టుకునేటోళ్లం! దీంతోటి నేనేం జెయ్యాలె, ఆయన నెత్తి మీద కొట్టాల్నా?"

సిద్ధిరాములు నవ్వు ఆపుకుని అసలు సంగతికి వచ్చాడు. "అవ్వా, ఈ మర దింపిన పనిముట్టు ఉన్నదా?"

"మర ఏంది?"

తిప్పి రెండు ముక్కలు చేసి చూపించాడు. ఆమె నోరు నొక్కుకుంది.

"అయ్యో! ఎవడు నరికిండు దీన్ని? మా ఆయన ఇచ్చినప్పుడు ఒక్కటే కర్ర!"

సిద్ధిరాములు అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఇంత తిరిగి చేసినవాణ్ని పట్టుకుంటే, మర ఆయనది కాదు! నరికింది ఉస్తాదే. అందుకే నోరు మెదపలేదన్నమాట.

"కూసుంటే ఏమొస్తది? నడువ్, అతికిద్దాం. ఆయన ఎట్ల చేసిండో అట్లనే ఉండాలె" అని లక్ష్మీనర్సమ్మ ముందు నడిచింది. హన్మంతు దుకాణంలో దగ్గర కూర్చుని మర పీకించింది, నడుమ చీల వేయించి జిగురుతో అతికించింది. తాత మాట హన్మంతు మళ్లీ ఎత్తలేదు.

"జిగురు ఆరాలె, తెల్లారేదాక నిలువుగనే ఉంచాలె. ఇక్కడ్నే పెట్టిపో అన్నా" అన్నాడు.

తాతను పుట్టించినవాడి దగ్గర పెట్టిపోవడమా! పోనీ లక్ష్మీనర్సమ్మ ఇంట్లో పెడదామంటే, "నా ఇంట్ల వద్దు. కోపమొస్తే పొయ్యిల వెడ్త" అని తేల్చేసింది.

కర్రను నిలువుగా పట్టుకుని బస్టాండుకు వచ్చాడు. బస్సు కిక్కిరిసి ఉంది.

"పెద్దమనిషీ, గా కట్టెను కింద పండవెట్టు" అన్నాడు కండక్టరు.

"పండవెడితే వంగుతది."

"అయితే నువ్వు దిగు."

ఆటోవాడు ఎక్కించుకోనే లేదు. గుంతల్లో ఎవరి కన్నైనా పోతుందన్నాడు. రెండో బస్సూ వెళ్లిపోయింది. లింగయ్యను తిట్టబోయి సిద్ధిరాములు ఆగాడు. కర్రను ఎందుకు నరికాడో ఇప్పుడు తెలిసింది మరి.

"ఏం అన్నా, జెండా లేని కట్టె పట్టినవ్, ఏ పార్టీ?" అని అడిగాడు పల్లీలమ్మేవాడు.

సిద్ధిరాములు పళ్లు కొరికి, చెయ్యి మార్చుకుని, కర్రను మళ్లీ నిలబెట్టాడు.